యంత్రహస్తమునకు పాఠము

మన ముత్తుకూరునకు దక్షిణముగా, ఇదే తీరమున శ్రీహరికోట ఉన్నది. 2024 డిసెంబరు 30న అచ్చట నుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి. సి-60 రాకెట్టు ద్వారా 'విక్రమ్ 3201' అను 32 బిట్ల ప్రాసెసరును అంతరిక్షమున పరీక్షించిరి. అది మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో తయారైనది. అట్టి చిప్పులకు మూలము వేఫరు అను పలుచని సిలికాను పలక. ఆ పలకను ఎత్తి దించు యంత్రహస్తమునకు పని నేర్పు విధమును ఇచ్చట క్లుప్తముగా వివరింతుము.

200 మిల్లీమీటర్ల వ్యాసముగల వేఫరు మందము ఒక మిల్లీమీటరు కన్న తక్కువే. దానిపై వందలాది చిప్పులు రూపొందుటకు వారాల తరబడి శ్రమింపవలెను. మన చర్మము నుండి రాలు సూక్ష్మరేణువు ఒక్కటి పడినను చిప్పు చెడిపోవచ్చును. కావుననే ఆ పనిని మనుష్యుని చేతికి విడువక యంత్రమునకు అప్పగించిరి.

ఈ హస్తమునకు ముఖ్యముగా మూడు కదలికలు గలవు: చుట్టూ తిరుగుట, ముందునకు చాచుట, పైకి క్రిందికి జరుగుట. దాని కొసనున్న పలుచని రేకు క్యాసెట్టు అను పెట్టెలోనికి చొచ్చి, వేఫరు క్రిందుగా చేరి, మెల్లగా ఎత్తి, గాలిని పీల్చి పట్టుకొనును. పెట్టెలో అరలు 25. అరకును అరకును నడుమ దూరము 6.35 మిల్లీమీటర్లు మాత్రమే. రేకు ఏ మాత్రము వంగినను వేఫరుపై గీత పడును.

నేర్పువాడు మొదట హస్తమును దాని మూలస్థానమునకు చేర్చవలెను. పిమ్మట చేతిపెట్టె మీటలతో నెమ్మదిగా నడిపి, ఒక్కొక్క స్థానమును యంత్రపు జ్ఞాపకమున నమోదు చేయవలెను. సాధారణముగా మొదటి అరను చూపినచో తక్కిన అరలను యంత్రమే లెక్కించుకొనును. అందుచేత మొదటి అరలో జరిగిన పొరపాటు 25 అరలకును ప్రాకును. పెట్టె ఒరిగియున్నదేమో తెలియుటకు పై అరను గూడ సరిచూడవలెను. తరువాత విలువ లేని వేఫరుతో పరీక్షించి, క్రమముగా వేగము పెంచవలెను.

నేర్పునపుడు వేగము సెకనుకు 250 మిల్లీమీటర్లు మించరాదు. చేతిపెట్టెకున్న రక్షణ మీటను సగము వరకే నొక్కి ఉంచవలెను. వదలినను, గట్టిగా బిగించినను యంత్రము ఆగిపోవును. ఏలయన, భయపడిన మనిషి చేతిలోనిది జారవిడుచును, లేదా పిడికిలి బిగించును. రెండు విధములను ముందే ఊహించి ఈ ఏర్పాటు చేసిరి. ఎట్టి తొందరలోను నడుచుచున్న యంత్రములో చేయి పెట్టరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమునకు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. ఐ.టి.ఐ., డిప్లొమా చదువు మన యువకులకు, యువతులకు ఈ విద్య అక్కరకు రాగలదు. ఉర్దూలో గురువును ఉస్తాద్ అనియు, శిష్యుని షాగిర్ద్ అనియు అందుము. ఈ షాగిర్ద్ ఎదురు ప్రశ్న వేయడు. తప్పు చెప్పినను అంతే శ్రద్ధతో వేయిసార్లు చేయును. కావున జాగ్రత్త యావత్తు ఉస్తాద్‌దే.