చల్లటి ఇంజిన్ మంచి ఇంజిన్ కాదు
స్పీడ్‌బోట్లలో నీటి వేడి, ఆయిల్ వేడి: అపోహలు – వాస్తవాలు

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణానదిలో ఎఫ్1హెచ్2ఓ పడవ పందాలు చూసినవాళ్ల చెవుల్లో ఆ మోత ఇంకా ఉండే ఉంటుంది. ఆ పడవలవి 2.5 లీటర్ల వి6 టూ స్ట్రోక్ ఇంజిన్లు. వాటిలో ఆయిల్ పెట్రోలుతోపాటే కాలిపోతుంది కాబట్టి ఆయిల్ ఎంత వేడెక్కిందన్న బెంగే ఉండదు. ఆ బెంగంతా అమెరికా సరస్సుల్లో, ఫ్లోరిడా తీరంలో తిరిగే పెద్ద వి8 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లది. షెవర్లే బిగ్ బ్లాక్ లాంటి ఏడెనిమిది లీటర్ల ఇంజిన్‌కు సూపర్‌చార్జరు బిగించి నీళ్లమీద ఉరికించేవాళ్లలో కొన్ని నమ్మకాలు బాగా పాతుకుపోయాయి.

అపోహ: చుట్టూ నీళ్లే కదా, పడవ ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది?

కారు ఒకసారి వేగం అందుకుంటే ఇంజిన్‌కు కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది. పల్లం వస్తే దానంతటదే దొర్లుతుంది కూడా. పడవకు ఆ సుఖం లేదు. థ్రాటిల్ వదిలితే నీళ్లు పట్టి ఆపేస్తాయి. అంటే నడిచినంతసేపూ ఇంజిన్ బరువు లాగుతూనే ఉండాలి. నీళ్లు తోడే పంపులోని రబ్బరు ఇంపెల్లరు తడి లేకుండా కాసేపు తిరిగినా దాని రెక్కలు విరుగుతాయి. ఆ ముక్కలు పోయి కూలరు గొట్టాల్లో ఇరుక్కుంటాయి. నీళ్లు తీసుకునే రంధ్రానికి ప్లాస్టిక్ సంచి ఒకటి అంటుకున్నా అదే గతి.

అప్పుడైనా మీటరు చెబుతుందిలే అనుకోవద్దు. సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నప్పుడే దాని లెక్క సరిగ్గా ఉంటుంది. నీళ్లు పోయి దాని చుట్టూ ఆవిరి, గాలి మాత్రమే మిగిలితే ముల్లు అమాయకంగా తన చోటనే నిలబడొచ్చు. ఎగ్జాస్ట్ గొట్టాలను చల్లబరిచేవీ ఆ నీళ్లే కాబట్టి చాలాసార్లు మొదట తెలిసేది కాలిన రబ్బరు వాసన.

అపోహ: ఎంత చల్లగా నడిస్తే ఇంజిన్‌కు అంత మంచిది

అన్నిటికంటే ఎక్కువ ఇంజిన్లను పాడుచేసే నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. చాలా పాత జెట్‌బోట్లలో థర్మోస్టాట్ ఉండదు. జెట్ పంపు నుంచి సరస్సు నీళ్లు నేరుగా బ్లాకులోకి వెళ్తాయి. ముల్లు 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలకుండా ఉంటే యజమాని మురిసిపోతాడు. లోపల మాత్రం చల్లటి సిలిండరు గోడలమీద పెట్రోలు ఆవిరి కాదు. గోడలకు అంటుకున్న ఆయిల్ పొరను కడిగేసి, రింగులు దాటి సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలుస్తుంది, పెట్రోలు కంపు గుప్పుమంటుంది.

ఫోర్జ్‌డ్ పిస్టన్లున్న సూపర్‌చార్జ్‌డ్ ఇంజిన్‌కైతే ప్రమాదం ఇంకా దగ్గర. అలాంటి ఇంజిన్‌ను చల్లగా ఉండగానే ఫుల్ థ్రాటిల్‌లో లాగితే పిస్టన్ క్షణాల్లో వ్యాకోచిస్తుంది. చల్లటి నీళ్లు చుట్టుకున్న సిలిండరు వ్యాకోచించదు. మధ్య ఉన్న కాస్త ఖాళీ పూడుకుపోయి పిస్టన్ గీసుకుపోతుంది, ఒక్కోసారి పట్టేస్తుంది. వేడి తక్కువై ఇంజిన్ పట్టేసిందంటే నమ్మని మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు!

మరి ఎంత ఉండాలి? సముద్రపు నీళ్లు నేరుగా తిరిగే ఇంజిన్లకు 60 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునే థర్మోస్టాట్ వాడతారు. 70 దాటితే లవణాలు గట్టిపడి నీటిదారుల్లో పెచ్చులు కడతాయి గనక. హీట్ ఎక్స్‌ఛేంజరుతో, కూలెంటుతో నడిచేవి 70 నుంచి 80 దాకా హాయిగా నడుస్తాయి.

అపోహ: నీళ్లు మరీ వేగంగా పోతే వేడిని పట్టుకునే తీరిక ఉండదు

ఉంటుంది. ప్రవాహం పెరిగితే మొత్తంమీద తరలిపోయే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. థర్మోస్టాట్ పీకేస్తే కొన్ని ఇంజిన్లు వేడెక్కే మాట నిజమే, కారణం వేరు. దారిలో అడ్డు పోగానే బ్లాకులో నీటి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ నీళ్లు తేలిగ్గా మరిగి ఆవిరి బుడగలు కడతాయి. ఆవిరి ఉన్నచోట లోహానికి చల్లదనం అందదు.

అపోహ: అయితే ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత మేలు

పడవ పరుగుతోనే నీళ్లను పట్టే పికప్ ఉన్నచోట వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 130 కిలోమీటర్ల దగ్గర లెక్క ప్రకారం అది 90 పీఎస్ఐ దాటుతుంది, అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు మూడింతలు. అంత ఒత్తిడి నేరుగా బ్లాకులోకి వెళ్తే హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్లోకి నీళ్లు రావచ్చు. అందుకే మిగులు నీళ్లను బయటికి వదిలేసే రిలీఫ్ వాల్వు పెడతారు.

అపోహ: నీళ్లలాగే ఆయిల్ కూడా చల్లగా ఉండాలి

నీటి లెక్క వేరు, ఆయిల్ లెక్క వేరు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో కొంత రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. ఆయిల్ 100 డిగ్రీలకు చేరితేనే ఆ తేమ ఆవిరై పోతుంది, లేకపోతే వాల్వు కవరు లోపల పాలమీగడలా తెల్లగా పేరుకుంటుంది. అది చూసి గ్యాస్కెట్ పోయిందని కంగారుపడి ఇంజిన్ విప్పదీయక్కర్లేదు. ముందు ఆయిల్‌ను తగినంత వేడెక్కనిచ్చి చూడాలి. ఆ తర్వాత కూడా తెలుపు పోకపోతే, ఆయిల్ మట్టం పెరుగుతుంటే మాత్రం నీళ్లు ఎక్కడో కారుతున్నట్టే.

గట్టిగా నడిపేటప్పుడు సంపులో 100 నుంచి 115 డిగ్రీలు మంచి స్థాయి. 130 దాటిందంటే వేగం తగ్గించాల్సిందే. అవసరానికి మించిన కూలరు పెట్టి, అందులోకి చల్లటి సరస్సు నీళ్లు వదిలితే ఆయిల్ ఆ మంచి స్థాయికి ఎప్పటికీ చేరదు. ఆయిల్‌కూ ఒక థర్మోస్టాట్ పెడితే సరిపోతుంది. కూలరు దాటాక సెన్సారు పెట్టి, ఆ అంకెను సంపులోని వేడి అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకటి కావు.

అపోహ: ఆయిల్ ప్రెషరు బాగుంటే అంతా బాగున్నట్టే

చల్లటి చిక్కటి ఆయిల్ ఎప్పుడూ ఎక్కువ ప్రెషరే చూపిస్తుంది. చూడాల్సింది ఆయిల్ బాగా వేడెక్కాక. అప్పుడు ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల పాత కొలత.

అపోహ: ఒడ్డుకు రాగానే ఆపేస్తే ఇంజిన్‌కు విశ్రాంతి

ఆపిన క్షణాన నీళ్లు కదలడం మానేస్తాయి, లోహంలోని వేడి మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ఆపాక కూడా కొద్ది నిమిషాలు ముల్లు పైకే పోతుంది. ఆ వేడికి గొట్టాల్లోని పెట్రోలు మరిగి మళ్లీ స్టార్టు కాకుండా మొరాయించే ఇంజిన్లున్నాయి. చివరి కొద్ది దూరం నెమ్మదిగా వచ్చి, రేవులో కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి తాళం తిప్పితే ఆ గొడవ రాదు.