పడుగు పేకల గూడు

గుడారం పని వాన నీటిని ఆపడం ఒక్కటే అయితే ప్లాస్టిక్ పూత పూసిన నైలాను గుడ్డకు సాటి లేదు. కాని కొల్లేటి ఒడ్డున, ఆటపాక పక్షుల కేంద్రం పరిసరాల్లో, శీతకాలపు రాత్రి గడిపేవారికి తడి పైనుంచి కంటే లోపలి నుంచే ఎక్కువ పుడుతుంది. నిద్రించేవారి ఊపిరిలోని ఆవిరి, నేలలోని చెమ్మ కలిసి, మంచుకు చల్లబడిన పైకప్పును తాకి, గాలి చొరని ఆ పూత మీద చుక్కలుగా పేరుకుని, తెల్లవారేసరికి పక్కబట్టల మీద రాలతాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీటిని పట్టి ఉంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే ఈ సరస్సు చుట్టూ గాలిలో తేమకు కొదవ లేదు కనుక, ఇక్కడికి గుడారం తెచ్చేవారు మొదట పరీక్షించవలసింది దాని గుడ్డ ఆవిరిని ఏ మేరకు వదులుతుందన్నదే.

నూలు గుడ్డ పొడిగా ఉన్నప్పుడు పోగుల మధ్య సందుల్లోంచి ఆవిరిని పోనిస్తుంది. తడిసినప్పుడు పత్తి పీచు నీరు పీల్చి ఉబ్బి ఆ సందులనే పూడ్చుకుంటుంది. సందులు మొదటి నుంచీ సన్నగా ఉంటేనే ఇది సాధ్యం కాబట్టి, గుడ్డ మందం కన్నా నేత బిగువు ముఖ్యం: పొడుగు పింజ పత్తితో, అంటే పీచు పొడవు ఎక్కువున్న రకంతో, వడికిన సన్న నూలును పడుగులోనూ (నిలువు పోగులు) పేకలోనూ (అడ్డపోగులు) దగ్గరగా నేయాలి. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ రూపొందించగా, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానచోదకుల దుస్తులకు వాడిన ‘వెంటైల్’ గుడ్డకు ఆధారం ఈ సూత్రమే.

సన్ననేత ఈ గోదావరి డెల్టాకు కొత్త కాదు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి బట్టల స్థావరం ఉండేది. ఆ ఊరి పేరే ‘మడపొల్లం’గా మారి, పడుగు పేకలు సమంగా ఉండే మెత్తని నూలు గుడ్డకు పేరై నిలిచింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే, బ్రిటిష్ మస్కిటో విమానాల చెక్క ఒంటికి అంటించింది కూడా ఆ గుడ్డనే. ఇక ముతక గుడారాలకు వాడే ‘డక్’ గుడ్డకు కొల్లేటి బాతులతో ఏ చుట్టరికమూ లేదు. అది గుడ్డ అనే అర్థం గల డచ్చి మాట, ఆ డచ్చివారు పాలకొల్లులో వర్తకం చేసినవారే.

డక్ గుడ్డ చదరపు మీటరుకు 350 గ్రాములు దాటవచ్చు. తేలిక నూలు గుడ్డ 150, 200 గ్రాముల మధ్య ఉంటుంది. నైలాను ఇంతకన్నా ఎంతో తేలిక, పైగా నూలు తడిస్తే మరింత బరువెక్కుతుంది. భుజాన మోసుకు నడిచేవారికి ఇది చిన్న లోపమేమీ కాదు. అయినా రోహిణి కార్తె ఎండలో పక్కగుడ్డలు ఎత్తి కడితే నూలు గుడారం నీడనూ గాలినీ ఇస్తుంది. వానలో మాత్రం పైకప్పును లోపలి నుంచి చేత్తో తాకరాదు, తాకిన చోటే నీరు కారడం మొదలవుతుంది. నూలు తాళ్లు తడిసి బిగుసుకుని మేకులను పెకలించకుండా వాటిని సాయంత్రమే కొంచెం వదులు చేయాలి. కొత్త గుడారాన్ని ప్రయాణానికి ముందే రెండుమూడు సార్లు తడిపి ఆరబెడితే పోగులు సర్దుకుని కుట్ల రంధ్రాలు పూడతాయి.

అక్టోబరు, నవంబరు వాయుగుండాల వేళ ఎండ మొహమే కనబడని రోజుల్లో నూలు ఓడిపోతుంది, పైన టార్పాలిన్ కప్పక తప్పదు. అప్పుడు తడిగానే మడిచి ఏలూరు చేర్చిన గుడారాన్ని ఆ రోజే వసారాలోనైనా విప్పి పరచాలి. మూటలోనే వదిలేస్తే కొద్దిరోజుల్లో నల్లని బూజు చుక్కలు పట్టి, ఉతికినా పోవు.