చిత్తూరు చేరని హెలికాప్టర్: తలరాత ఎంత, లెక్క ఎంత?

2009 సెప్టెంబరు 2. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కోసం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదయం బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కారు. ఇక్కడికి చేరలేదు. మర్నాడు నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అందులో ఉన్న అయిదుగురూ చనిపోయారు.

మా చిత్తూరు వైపు ఇప్పటికీ ఆ మాట వస్తే “టైము బాగాలేదు, అంతే” అంటారు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిని కాబట్టేమో, నాకు ఆ “అంతే” దగ్గర ఆగబుద్ధి కాదు.

విచారణ జరిపిన త్యాగి కమిటీ ఏం తేల్చింది? గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా కనిపించింది. దానికేం చేయాలో పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకు పైగా మాన్యువల్‌లో వెతుకుతూ ఉండిపోయారు. ఈలోగా హెలికాప్టర్ దట్టమైన మేఘాల్లో చిక్కుకుంది. బలమైన గాలి దాన్ని కిందికి తోసేసింది.

ఇప్పుడు చిన్న లెక్క. వందలో ఒకసారి వచ్చే ఇబ్బందులు మూడున్నాయనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే మూడూ కలిసి రావడం పది లక్షల్లో ఒకసారే. కిటుకంతా ఆ “సంబంధం లేకపోతే” అన్న మాటలోనే ఉంది. మొదటిది మన చూపంతా లాగేసుకుంటే రెండోదాన్ని చూసే దిక్కుండదు. అప్పుడు ప్రమాదం మనం వేసుకున్న లెక్క కంటే చాలా దగ్గరికి వచ్చేస్తుంది.

1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో ఈస్టర్న్ 401 విమానం ఇలాగే పోయింది. చక్రాలు దిగాయని చూపే చిన్న బల్బు వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. విమానం మెల్లగా దిగిపోతోందని ఎవరూ గమనించలేదు. మయామీ దగ్గర చిత్తడి నేలలో కూలి వంద మందికి పైగా చనిపోయారు.

అందుకే పైలట్ల శిక్షణలో ఇప్పుడొక సూత్రం గట్టిగా చెబుతారు. ఒకరు సమస్య చూస్తుంటే, ఇంకొకరు నడపడం తప్ప వేరే పని పెట్టుకోకూడదు. ఎలాంటి వాతావరణమైతే వెనక్కి తిరగాలో కూడా నేల మీదుండగానే నిర్ణయించుకోవాలి. వెనక సీట్లో పెద్దమనిషి ఉన్నప్పుడు గాల్లో ఆ మాట అనడం ఏ పైలట్‌కైనా కష్టమే.

రేణిగుంటలో విమానం ఎక్కేముందు కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటాం. మంచిదే, మబ్బు మన చేతిలో లేదు. కానీ మబ్బు చూసి పైలట్ విమానాన్ని చెన్నైకి మళ్లిస్తే మాత్రం విసుక్కోకండి. లెక్క సరిగ్గా చేసే మనిషి ముందు సీట్లో ఉన్నాడని అర్థం.