ముప్పదియేడు షరతులు

ఇసుక యనగానే మనకు ఏరు గుర్తునకు వచ్చును. వేసవిలో గోదావరియో, కృష్ణయో, పెన్నయో సన్నగిలినప్పుడు బయటపడు తిన్నెలు, వానిపై బారులు తీరిన బండ్లు, లారీలు, తట్టల కెత్తుకొను కూలివారు మన మెరిగిన దృశ్యమే. ఆ ఇసుక ఇండ్లు కట్టుటకు పోవును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ అను రాష్ట్రము కలదు. దాని పడమటి భాగమున ఇసుక వ్యాపారులు ఏటికి పోరు, కొండకు పోవుదురు. ఆ ఇసుక ఇండ్లు కట్టుటకును గాదు. ఆ కొండలను త్రవ్వవచ్చిన సంస్థలతో అచ్చటి స్థానిక ప్రభుత్వములు షరతులను గూర్చి ఎట్లు బేరమాడినవో, ఆ బేరము ఎంతదూరము పోయినదో ఈ పాఠమున తెలిసికొందము.

సుమారు 50 కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ ప్రదేశమును లోతు తక్కువగల సముద్రము కప్పియుండెను. అలలు ఇసుక రేణువులను ఒరసి ఒరసి గుండ్రన చేసినవి. కాలక్రమమున ఆ ఇసుక గట్టిపడి ఇసుకరాయి యైనది. రేణువు గుండ్రముగా నుండుట, నలగకుండుట, ఇంచుమించు ఒకే పరిమాణమున నుండుట—చమురు బావులు త్రవ్వువారికి కావలసిన గుణము లివియే. భూమిలో వేల అడుగుల లోతున, రాతి పొరలలో చమురును సహజవాయువును చిక్కుకొని యుండును. మిక్కిలి ఒత్తిడితో నీటిని లోనికి పంపి ఆ రాతిని పగులగొట్టుదురు. ఒత్తిడి తీసివేయగానే పగుళ్లు మరల మూసికొనును. నీటితోపాటు ఇసుకను పంపినచో, తలుపు సందున పెట్టిన పుల్లవలె రేణువులు నిలిచి వానిని మూసికొననీయవు. ఒక్కొక్క బావికి వేల టన్నుల ఇసుక పట్టును. 2008 తరువాత ఈ పద్ధతి అమెరికాలో వేగముగా వ్యాపించుటతో, అంతవరకు ఎవరును పట్టించుకొనని ఆ గుట్టలకు గొప్ప ధర పలికినది.

ఆ గుట్టల సీమలో, మిసిసిపీ నది యొడ్డున, ట్రెంపలో అను కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. కాని జనము తక్కువ. ట్రెంపలో జనసంఖ్య సుమారు 30 వేలు మాత్రమే. మన మండలములలో ఇంతకంటె పెద్దవి ఎన్నియో కలవు. నీటి నడుమ నిలిచిన ఒక కొండను చూచి ఫ్రెంచి బాటసారులు 'నీట నానుచున్న కొండ' యనిరట. ఆ మాట నోళ్లలో నలిగి నలిగి ట్రెంపలో యైనది. పాడిపశువులు, మొక్కజొన్న చేలు, చెట్లు కప్పిన గుట్టలు—ఇదియే ఆ సీమ. ఇసుక సంస్థలు వచ్చుటతో కొందరు రైతులు తమ భూమిని మంచి ధర కమ్మిరి. కొందరు యువకులకు ఉద్యోగములు దొరికినవి. వారి పొరుగువారు మాత్రము గని ప్రక్కనే కాపురము చేయవలసిన వారైరి. కావున ఊళ్లు రెండుగా చీలినవి. ఇందులో ఒక పక్షము మంచిది, ఒక పక్షము చెడ్డది యని తీర్పు చెప్పుట కంత సులభము గాదు.

ఇట్టి చోట స్థానిక ప్రభుత్వము చేయదగిన పని యేమి? అనుమతి యనగా 'ఔను', 'కాదు' అను రెండు మాటలే యని మన మనుకొందుము. నిజమునకు అనుమతిపత్రములోని షరతులలోనే అసలు విషయ మంతయు ఉండును. ఇసుకరాతిని పగులగొట్టి, జల్లించి, ఆరబెట్టునప్పుడు కంటి కగపడని సిలికా ధూళి లేచును. దానిని చిరకాలము పీల్చినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. దానిని పూర్తిగా నయము చేయు మందు లేదు. ఇసుకను కడిగిన నీరు బురదతో చెరువులలో నిలువ యుండును. కడుగుటకు భూగర్భజలమును తోడినచో చుట్టుపట్ల బావులలో నీరు తగ్గునేమో యను భయము. రాత్రియంతయు యంత్రముల రొద, దీపముల వెలుగు. ఇక రహదారులు! పాలబండ్లు తిరుగుటకు వేసిన పల్లె బాటలపై, సరకుతో కలిపి 36 టన్నుల వరకు తూగు లారీలు రాకపోకలు సాగించినచో ఆ బాటలు ఎన్నాళ్లు నిలుచును? వానిని మరల వేయించుట ఎవరి ఖర్చు?

ఇందులో ప్రతి ప్రశ్నయు ఒక షరతు కావలయును. షరతు వ్రాయుట తేలికయని తలపకుడు. 'సంస్థ దుమ్ము లేవకుండ శ్రద్ధ వహింపవలెను' అని వ్రాసితి మనుకొనుడు. చదువుటకు బాగుగనే యుండును. కాని రేపు దుమ్ము లేచినప్పుడు, మేము శ్రద్ధ వహించుచునే యున్నామని సంస్థ చెప్పును. దానికి బదులు చెప్పుట యెట్లు? గని సరిహద్దున గాలిని కొలుచు పరికరము నుంచవలెను; ఘనపు మీటరు గాలిలో ధూళి ఇన్ని మైక్రోగ్రాములకు మించరాదు; ఆ లెక్కలను ఇన్ని దినముల కొకసారి కౌంటీ కార్యాలయమునకు పంపవలెను; మించినచో పని ఆపవలెను—ఇట్లు వ్రాసినచో తగవునకు తావుండదు. అట్లే 'పొరుగువారి బావులకు నష్టము రాకూడదు' అనుట చాలదు. త్రవ్వకము మొదలిడక మునుపే ఆ బావులలో నీటిమట్టము నెవరో కొలిచి యుంచవలయును. తొలి లెక్క లేనిచో నష్టమును నిరూపించుట యెట్లు? లారీలు ఏ బాటన, దినమునకు ఎన్ని, ఏ వేళనుండి ఏ వేళవరకు పోవలెనో వ్రాయుదురు. బడి బస్సులు తిరుగు వేళ లారీలను నిలుపుమని కోరుటయు కలదు. బాట మరమ్మతు ఖర్చునకై సంస్థతో వేరొక ఒప్పందము చేసికొందురు.

షరతులు వ్రాయు అధికార మెవరిదను దానిపై కూడ తగవు లేచినది. విస్కాన్సిన్‌లో కౌంటీకి లోబడి టౌనులు కలవు. పేరు టౌను గాని అవి మన గ్రామపంచాయతీల వంటివి. చిప్పెవా కౌంటీలోని కుక్స్ వాలీ యను చిన్న టౌను 2008లో, తన యెల్లలో గని త్రవ్వువారు తన యనుమతి పొందవలెనని శాసనము చేసినది. కౌంటీ సమ్మతి లేనిదే అది చెల్లదని కొందరు న్యాయస్థానమున కెక్కిరి. ప్రజల ఆరోగ్యమును క్షేమమును కాపాడుటకై చేసిన శాసనము గనుక దానికి కౌంటీ సమ్మతి అక్కరలేదని 2012లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. మన దేశమునను షెడ్యూల్డు ప్రాంతములలో ఇసుక వంటి చిన్న ఖనిజములను త్రవ్వుటకు ముందుగా గ్రామసభయో తగిన పంచాయతీయో సిఫారసు చేయవలెనని 1996 నాటి చట్టము విధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఏజెన్సీ గ్రామములు దాని క్రిందకే వచ్చును.

అధికారము చిన్న ప్రభుత్వము చేతికి వచ్చినను, దానిని తప్పించుకొను దారులు లేకపోలేదు. ట్రెంపలో కౌంటీలో కొన్ని గని భూములను ప్రక్కనున్న చిన్న నగరములలో కలిపివేసిరి. నగరపు ఎల్లలోనికి పోయిన భూమిపై కౌంటీ వారి భూవినియోగ నిబంధనలు చెల్లవు. కౌంటీ గట్టిగా బేరమాడినచో, సంస్థ సులభముగా ఒప్పుకొను నగరము వైపు తిరుగును. ఇరుగుపొరుగు ప్రభుత్వములు ఒక మాటపై లేనిచో బేరము ఇట్లే చేజారును.

ఇక ముప్పదియేడు షరతుల కథ. 2013లో ఆల్ ఎనర్జీ యను సంస్థ ట్రెంపలో కౌంటీలోని ఆర్కేడియా టౌనులో 265 ఎకరముల స్థలమున ఇసుక త్రవ్వుటకు అనుమతి కోరినది. కౌంటీ భూవినియోగ సంఘము బహిరంగ విచారణ జరిపినది. నదిని గూర్చి, చిత్తడి నేలలను గూర్చి, ఆరోగ్యమును గూర్చి, గుట్టల అందమును గూర్చి ప్రజలు తమ సందేహములు చెప్పుకొనిరి. పిమ్మట సంఘము 37 షరతులను నిర్ణయించినది. సంస్థ వాని నన్నిటిని ఒప్పుకొన్నది. ఇక అనుమతి చేతికి వచ్చినట్లే యని ఎవ్వరైనను అనుకొందురు. కాని తరువాత జరిగిన ఓటులో సంఘము అనుమతిని నిరాకరించినది!

సంస్థ న్యాయస్థానమున కెక్కినది. అడిగిన షరతుల నెల్ల ఒప్పుకొనిన పిదప కాదనుటకు హక్కెక్కడిదని దాని వాదము. షరతులు పెట్టుట వేరు, ఆ స్థలమున ఆ పని తగునా తగదా యని విచారించుట వేరు; రెండవదానిని విడిచిపెట్టలేదని కౌంటీ వాదము. నాలుగేండ్లు వ్యాజ్యము నడచినది. 2017 మే నెలలో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము కౌంటీ పక్షమున తీర్పు చెప్పినది. ఏడుగురు న్యాయమూర్తులలో నలుగు రొకవైపు, మువ్వు రొకవైపు. సంస్థ వాదములోను కొంత న్యాయము లేకపోలేదని ఆ లెక్కయే చెప్పుచున్నది. మేము ఆ విచారణలో కూర్చుండియున్నచో ఏవైపు ఓటు వేసెడివారమో నిశ్చయముగా చెప్పజాలము.

ఆ కథ అంతటితో ఆగలేదు. అదే యేడు నవంబరులో రాష్ట్ర శాసనసభ చట్టమును మార్చినది. షరతులనన్నిటిని తీర్చినను, తీర్తునని ఒప్పుకొన్నను, దరఖాస్తుదారునకు అనుమతి ఈయవలసినదే యని క్రొత్త చట్టము. షరతులు న్యాయసమ్మతముగా నుండవలెను. సాధ్యమైనంతవరకు కొలుచుటకు వీలైనవిగా నుండవలెను. వానికి తగిన ఆధారముండవలెను. 'నా కిష్టము లేదు', 'నాకు భయముగా నున్నది' అనునవి ఆధారములు గావు. అనగా ఇప్పుడు మీ ఊరి బావిని గూర్చి భయమున్నచో, కొలతలతో రావలయును. సామాన్య రైతు ఆ కొలతల నెచ్చటినుండి తెచ్చును? సంస్థ వద్ద భూగర్భశాస్త్రజ్ఞులు, న్యాయవాదులు ఉందురు. పల్లెటూరి సంఘమునకు అంత బలగ ముండదు. ఈ చట్టమువలన ఊళ్ల బేరసారపు బలము కొంత తగ్గిన దనియే మాకు తోచుచున్నది. కాని షరతు నొక్కొక్క మాట చూచి వ్రాయవలసిన అవసరము పెరిగినది.

ఎంత చూచి వ్రాసినను ఎదురుచూడనివి జరుగుచునే యుండును. 2018 మే నెలలో ట్రెంపలో కౌంటీలోని ఒక గనిలో, బుల్డోజరుతో పని చేయుచున్న వ్యక్తి యంత్రముతో సహా బురద చెరువులో మునిగిపోయెను. అతనిని కాపాడుటకు చెరువు కట్టను తెగగొట్టిరి. సుమారు కోటి గాలనుల బురదనీరు వాగులోనికి పారి ట్రెంపలో నదిలో కలిసినది. మనిషి బ్రదికెను. వాగు మాత్రము నారింజ రంగుకు తిరిగినది. ప్రాణమునకు మించిన షరతు లేదు గనుక కట్ట తెంచినందుకు ఎవ్వరును తప్పు పట్టజాలరు. ఆ నీటిలోని లోహములను గూర్చి, అంతటి చెరువు వాగు ప్రక్కన ఎట్లుండవలెనను దానిని గూర్చి ప్రశ్నలు తరువాత పుట్టినవి.

తరువాతి యేండ్లలో వ్యాపారము చల్లారినది. టెక్సాస్ వారు తమ చమురు బావుల చెంతనే ఇసుకను త్రవ్వుకొన నారంభించిరి. అది విస్కాన్సిన్ ఇసుకయంత గట్టిది గాదు, కాని రైలు కూలి మిగులును. 2020లో చమురు ధర పడిపోగా, విస్కాన్సిన్‌లో గనులున్న కొన్ని పెద్ద సంస్థలు దివాలా రక్షణకై న్యాయస్థానముల నాశ్రయించినవి. ఎన్నో గనులు మూతపడినవి. అప్పుడు పాత కాగితములలోని ఒక షరతు పనికి వచ్చినది. త్రవ్వకమునకు ముందే, పని ముగిసిన పిదప నేలను ఎట్లు చక్కబరుతురో చూపు పథకమును, ఆ ఖర్చునకు సరిపడు ధరావతునో హామీపత్రమునో ఈయవలెనని ఆ రాష్ట్ర నియమము. పైమట్టిని వేరుగా కుప్పవేసి కాపాడవలెను. వాలును సరిచేసి ఆ మట్టిని మరల పరవవలెను. గడ్డియో చెట్లో నాటవలెను. సంస్థ చేయనిచో ఆ సొమ్ముతో ప్రభుత్వమే చేయించును. కౌంటీ ఉద్యోగి వచ్చి, నాటినది నిలిచినదని చూచి సంతకము చేయునంతవరకు ఆ ధరావతు తిరిగి ఈయరు.