ఉలిపికట్టె దారి

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మన సామెత. సామెతలను పుట్టించినది ఊరు. కనుక అవి తరచుగా ఊరి పక్షమే వహిస్తాయి. ఈ సామెతలో ఉలిపికట్టెకు తన మాట చెప్పుకొనే అవకాశం లేదు. అతడు వేరు దారి ఎందుకు పట్టినాడో, ఆ దారిలో అతనికి ముల్లు గుచ్చుకొన్నదో పువ్వు దొరికినదో సామెత చెప్పదు. ఎన్నికలు ముగిసి ఫలితాలు వెలువడిన మరునాడు ప్రతి ఊరిలోనూ ఇటువంటి ఉలిపికట్టెలు కొందరు మిగులుతారు. వీధిలో బాణసంచా పేలుతుండగా వారు తలుపు దగ్గరగా వేసుకొని కూర్చుంటారు. పుట్టిన నేల మీదనే పరాయివారమైనామా అన్న శంక వారిని బాధిస్తుంది. ఆ బాధ ఎటువంటిదో నేను మొదట మా తండ్రిగారి ముఖంలో చూచినాను.

అది 1977 మార్చి నెల. నాకప్పుడు ఎనిమిదేండ్లు. మా ఊరు తెనాలికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న పల్లె. నాన్నగారు అక్కడి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. 1975 జూన్ 25న దేశంలో ఆత్యయిక పరిస్థితి విధించినారు. పత్రికలకు సెన్సారు వచ్చినది. విచారణ లేని నిర్బంధాలు వచ్చినవి. పొరుగూరి బడిలో పనిచేస్తున్న నాన్నగారి మిత్రుడొకరిని ఒక తెల్లవారుజామున పోలీసులు తీసుకొనిపోయినారు. ఆయన చేసిన నేరమేమిటో ఎవరూ చెప్పలేదు. అడిగినవారూ లేరు. నాన్నగారు అడుగలేకపోయినారు. ప్రభుత్వోద్యోగి, నలుగురు పిల్లల తండ్రి, ఏమని అడుగగలరు? ఆ అడుగలేకపోవడమే ఆయన గుండెలో ముల్లై నిలిచినది. ఎన్నికలు రాగానే ఆ ముల్లును ఓటుగా మార్చి పెట్టెలో వేసి వచ్చినారు.

మార్చి 20 రాత్రి నుంచి రేడియో ఫలితాలు చెప్పసాగినది. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాలలో కాంగ్రెసుకు ఒక్కటి కూడా రాలేదు. బీహారులోని 54 స్థానాలలోనూ అంతే. రాయ్‌బరేలీలో సాక్షాత్తు ప్రధానమంత్రియే ఓడిపోయినారు. మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసువే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గారు గెలిచినారు. ఆ ఒంటరి విజేత అదే సంవత్సరం జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి కావడం చరిత్రలోని ఒక చమత్కారం.

మా ఇంటి అరుగు మీద ఆ రాత్రి పదిమంది చేరి రేడియో విన్నారు. మా నియోజకవర్గ ఫలితం వినగానే వీధిలో టపాకాయలు కాలినవి. రాయ్‌బరేలీ వార్త వినగానే అవి ఆగిపోయినవి. కొందరు స్త్రీలు కంట నీరు పెట్టుకొన్నారు. మా ఊరికి గెలుపూ దుఃఖమూ ఒకే రాత్రి వచ్చినవి. నాన్నగారికి వచ్చిన సంతోషాన్ని పంచుకొనే మనిషి ఆ వీధిలో లేడు. ఆ ఒంటరితనం కోపంగా మారి, ఆయన నోట ఒక మాట దొర్లినది: "మన జనానికి ఎప్పటికి తెలివి వస్తుందో!"

ఆ మాట అరుగు మీదివారందరూ విన్నారు. అందులో మా ఎదురింటి రైతు ఒకరు. ప్రతి సాయంకాలం వచ్చి నాన్నగారి చేత పత్రిక చదివించుకొని, రెండు లోకాభిరామాయణాలు మాట్లాడి పోయే మనిషి. ఆయన కండువా దులిపి భుజాన వేసుకొని, ఏమీ అనకుండా లేచి వెళ్ళినారు. మరునాడు రాలేదు. ఆ పై ఎనిమిది నెలలు మా గడప తొక్కలేదు.

రెండు రోజుల తరువాత మా పెరట్లో పనిచేసే ఒక ముసలమ్మ నాన్నగారిని అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నది.

"పంతులుగారూ, ఇందిరమ్మ ఓడిపోయిందంటగదా! మా ఇళ్ళస్థలాలు మళ్ళా లాగేసుకుంటారా బాబూ?"

"ఎవరూ లాక్కోరమ్మా. పట్టా నీ పేరున ఉన్నది గదా!" అన్నారు నాన్నగారు.

"ఏమో బాబూ! నా మొగుడు పుట్టి చచ్చిందాకా ఇంకోడి దిబ్బ మీదే ఉన్నాడు. ఇప్పటికి మూడు సెంట్లు నాదన్నారు. అందుకే ఆయమ్మకేసినా."

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి మా అమ్మతో, "నేను పత్రిక చూచి ఓటు వేసినాను, ఆమె తన నేల చూచి వేసినది. తెలివి లేనిది ఎవరికో నాకిప్పుడు తెలియడం లేదు" అన్నారట.

మన ప్రాంతం అట్లు ఓటు వేయడానికి కారణాలు లేకపోలేదు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల భయం ఉత్తరాదిని వణికించినంతగా దక్షిణాదిని వణికించలేదు. సెన్సారు వలన ఆ వార్తలు కూడా ఇక్కడికి సరిగా చేరలేదు. పేదలకు ఇళ్ళస్థలాలు, ఋణవిముక్తి, భూపరిమితి చట్టం అన్న మాటలు పల్లెలలో ఆశ కలిగించినవి. జనతా పార్టీకి ఇక్కడ బలమైన యంత్రాంగం లేదు. ఇవన్నీ తెలిసిన తరువాత మా ఊరి ఓటును అజ్ఞానమని కొట్టివేయలేము. అట్లని నాన్నగారి ఓటూ తప్పు కాదు. మూడు సెంట్ల నేల ఎంత సత్యమో, తెల్లవారుజామున మాయమైన మిత్రుడూ అంత సత్యమే. ఒక సత్యం ఇంకొక సత్యాన్ని చూడలేకపోవడమే ఆ నాటి విషాదం.

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్కను కూడా గమనించవలెను. 42 స్థానాలలో 41 ఒక పక్షానికి వచ్చినవనగానే ఆ ప్రాంతమంతా ఒక్క మాట మీద ఉన్నదని తోస్తుంది. కాని ఆ ఎన్నికలలో మన రాష్ట్రంలో జనతా అభ్యర్థులకు నూటికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చినవి. అనగా ప్రతి వీధిలోనూ నాన్నగారి వంటివారు ఉన్నారు, ఒకరికొకరు తెలియలేదంతే. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలు చూడండి. కమ్యూనిస్టుల పక్షాన ఊరూరా తిరిగి ప్రచారం చేసినవారిలో శ్రీశ్రీ ఒకరు. 196 స్థానాలలో ఆ పార్టీకి దక్కినవి 15. కాని వచ్చిన ఓట్లు నూటికి ముప్పైఒకటి. 1984 డిసెంబరులో గాలి తిరుగబడినది. దేశమంతా కాంగ్రెసు వెంట నడువగా మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 లోక్‌సభ స్థానాలిచ్చి, ఒక ప్రాంతీయ పక్షాన్ని సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చుండబెట్టినది. ఆనాడు ఇక్కడ తలుపు దగ్గరగా వేసుకొన్నవారు కాంగ్రెసు అభిమానులు. వారూ కొద్దిమంది కారు. ఓటర్లలో నూటికి నలభైకి పైగా. స్థానాల లెక్క వేరు, మనుష్యుల లెక్క వేరు. ఉలిపికట్టె ఎన్నడూ ఒక్కడు కాడు.

అయినను లెక్కలు గుండెకు పూర్తిగా ఊరట నీయవు. నలుగురితో విభేదించినవాడు నలుగురి నడుమ ఎట్లు బ్రతుకవలెను? ఈ ప్రశ్న మన భారతంలో అడుగడుగునా కలదు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చినప్పుడు పెద్దలందరూ తలలు వంచుకొన్నారు. లేచి ఇది అధర్మమని పలికినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. కాని ఆ వికర్ణుడే తరువాత అన్న పక్షాన నిలిచి భీముని చేత హతుడైనాడు. అతని మాట ఒక దారి, అతని చేత ఒక దారి అయినవి. రామాయణంలోని విభీషణుడు లంకనే విడిచిపోయినాడు. అతనిది ధర్మమార్గమే, ఆయినా లోకం ఇంటిగుట్టు లంకకు చేటని అతని పేరు మీదనే సామెత కట్టినది. ఈ ఇద్దరి నడుమ నిలిచినవాడు విదురుడు. నీకు పాండవుల మీదనే ప్రేమ, నీ ఇష్టమైన చోటికి పొమ్మని ధృతరాష్ట్రుడు కసరగా అతడు కామ్యకవనానికి వెళ్ళినాడు. అన్న పశ్చాత్తాపపడి సంజయుని పంపగా తిరిగి వచ్చినాడు. వచ్చి, మునుపు చెప్పిన మాటనే మరల చెప్పినాడు. మాట మార్చుకొనలేదు, మనిషినీ వదలుకొనలేదు. ఇది విదురనీతులలో వ్రాయని విదురనీతి.

విభేదించినవాని మాట వృథా కాదని చెప్పడానికి ఆ కాలం నుంచే ఒక ఉదాహరణ ఉన్నది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు, ఆత్యయిక పరిస్థితిలో నిర్బంధితునికి హెబియస్ కార్పస్ కోరే హక్కు లేదని తీర్పు చెప్పినారు. కాదన్నవారు హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ఆయనను కాదని ఆయన కంటె వెనుకటివారిని ప్రధాన న్యాయమూర్తిని చేసినారు. ఆయన రాజీనామా చేసినారు. 2017లో అదే న్యాయస్థానం ఆ నలుగురి తీర్పు తప్పని కొట్టివేసినది. ఒక్కని మాట నలుగురి మాట కావడానికి నలభైయొక్క సంవత్సరాలు పట్టినది. మన కాళోజీ నారాయణరావు గారూ ఆత్యయిక పరిస్థితి అనంతరం సత్తుపల్లిలో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారి మీదనే పోటీ చేసి ఓడినారు. ఓడిపోయినంత మాత్రాన ఆయన తన ప్రజల మీద అలుగలేదు. వారి భాషలోనే వ్రాసినారు, వారి నడుమనే జీవించినారు. ఈనాడు తెలంగాణ ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తన భాషాదినంగా జరుపుకొంటున్నది.

నేనూ ఉలిపికట్టెనైన సందర్భాలు ఉన్నవి. ఒక ఎన్నిక తరువాత సంక్రాంతికి మా ఊరు వెళ్ళి, ఎవరితోనూ మాట కలుపక, బస్సు వేళకు ముందే బయలుదేరి వచ్చినాను. దారిలో నాన్నగారి ఆ రాత్రి మాట జ్ఞాపకం వచ్చి సిగ్గు కలిగినది. నోట అనలేదు గాని, నా మౌనం అన్నది అదే. తరగతిలో పిల్లలు అప్పుడప్పుడు "మాస్టారూ, మీరు ఎవరికి వేసినారు?" అని అడుగుతారు. ఓటు రహస్యం గనుక చెప్పను. కాని ఒకటి చెబుతాను: నీవు వేసినవారికి వేయని ఒక మనిషి ఇంటికి వెళ్ళి, ఎందుకు వేయలేదో విని రా, వాదించకు, విని రా. చెప్పినంత సులువు కాదు ఈ పాఠం. ఉపాధ్యాయునికే సరిగా రాలేదు.

మా నాన్నగారికి ఆ పాఠం చెప్పినది తుపాను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్నది. మా ఊరిలో పూరికప్పులు ఎగిరిపోయినవి, వరి నేలకు ఒరిగినది. మూడవనాటి ఉదయం మా వాకిట ఎడ్ల మువ్వల చప్పుడు వినిపించినది. ఎదురింటి రైతు బండి కట్టుకొని వచ్చినారు. ఎనిమిది నెలల తరువాత మొదటి మాట.

"మేష్టారూ, ఊళ్ళో బియ్యం, బట్టలు పోగు చేద్దాం. నేను మోస్తా. లెక్క మీరు రాయాలి."

"తెలివి లేదన్న నా మాట మరచిపోయినారా?" అన్నారు నాన్నగారు, గడప దిగకుండానే.

"మర్చిపోలా. లెక్కకి మీకంటే నమ్మకస్తుడు ఊళ్ళో లేడు. రండి."

ఆ ఇద్దరూ ఇల్లిల్లు తిరిగినారు. మూడు బండ్లు రేపల్లె మీదుగా తీరగ్రామాలకు వెళ్ళినవి. ఆ సాయంకాలం నుంచి మా అరుగు మీద పత్రిక చదవడం మరల మొదలైనది. నాన్నగారి ఓటు మారలేదు, ఆ రైతు ఓటూ మారలేదు. తరువాతి ఎన్నికలన్నిటిలోనూ ఇద్దరూ చెరొక గుర్తుకే వేసినారని నాకు తెలుసు.

నాన్నగారు పోయిన తరువాత ఆయన పెట్టెలో ఆ లెక్కల పుస్తకం దొరికినది. ఇంటి పేర్లు, వాటి కెదురుగా కుంచాలు, మానికలు, పాత చీరలు, దుప్పట్లు. ఆ ముసలమ్మ పేరు కెదురుగా రెండు సోలల బియ్యం. ఎవరు ఎవరికి ఓటు వేసినారో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.