వార్తల్లో పదం: సీరియస్ ఫౌల్ ప్లే

అంతర్జాతీయ ఫుట్‌బాల్ వార్తలలో రెడ్ కార్డు ప్రస్తావనతో పాటు వినవచ్చెడి ‘సీరియస్ ఫౌల్ ప్లే’ యనగా, ఆట సాగుచుండగా బంతికై తలపడుచు ప్రత్యర్థి దేహభద్రతకు ముప్పు కలిగించుట, లేక మితిమీరిన బలమునో క్రౌర్యమునో ప్రయోగించుట. 12వ నియమము ననుసరించి దీనికి శిక్ష బహిష్కరణమే. బంతిని ముందుగా తాకితినన్న సమాధానము చెల్లదు. బంతితో నిమిత్తము లేక కొట్టినచో నది ‘వయొలెంట్ కాండక్ట్’ అను వేరొక నేరము.

2010 ప్రపంచకప్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యాంగ్ బూటు, గాలిలోని బంతికై లేచి, స్పెయిన్ ఆటగాడు షాబీ అలోన్సో ఱొమ్మును బలముగా తాకినను, రెఫరీ హోవర్డ్ వెబ్ చూపినది పసుపు కార్డే; తన చూపునకు అడ్డు కలిగెననియు, రెడ్ కార్డు చూపవలసి యుండెననియు నాతడే పిమ్మట నంగీకరించెను. 2018 నుండి ప్రపంచకప్‌లో వీడియో సహాయక రెఫరీ లట్టి దెబ్బలను మరల పరిశీలించుచున్నారు. బడి మైదానమున నాడు మన పిల్లల కాళ్లకును రక్ష యీ నియమమే.