అండం వయసు వేరు, అమ్మ ఆరోగ్యం వేరు

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన ఒక మహిళ కవల ఆడపిల్లల్ని కన్నప్పుడు ఆ వార్త దేశమంతా మారుమోగింది. కాన్పుకు ఇక వయసు అడ్డే కాదని చాలామంది అనుకున్నారు. అసలు సంగతి మాత్రం అంతగా చెవిన పడలేదు: ఆమె మోసింది దాత అండంతో ఏర్పడిన పిండాలను. ముట్లుడిగిన గర్భాశయాన్ని హార్మోన్లతో మళ్లీ సిద్ధం చేయవచ్చు గానీ, వయసు మీరిన అండాన్ని పడుచుది చేసే మందు ఇంతవరకు లేదు. లేటు వయసులో పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందుగా గుర్తించాల్సింది ఈ తేడానే. వయసుతో వచ్చే చిక్కుల్లో కొన్ని అండానివి, కొన్ని తల్లి ఒంటివి. మొదటివాటిని మార్చలేం, ముందుగా తెలుసుకోగలం. రెండోవాటిని చాలావరకు అదుపులో పెట్టగలం. రెంటినీ కలిపేసి ‘35 దాటితే ప్రమాదం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లే అనవసరమైన భయమూ, అక్కర్లేని ధీమా కూడా పెరుగుతున్నాయి.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి అవి 3, 4 లక్షలకు తగ్గుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు నాణ్యతది. ఆమె తల్లి కడుపులో ఉన్నప్పుడే సగంలో ఆగిన కణవిభజన, ఆ అండం విడుదలయ్యే నెలలో మళ్లీ మొదలవుతుంది. అన్నేళ్లు క్రోమోజోములను పట్టి ఉంచిన ప్రొటీన్లు అప్పటికి సడలిపోతే పంపకంలో తేడా వచ్చి, ఒకటి ఎక్కువో తక్కువో పడుతుంది. తొలి నెలల్లో కడుపు పోవడానికీ, డౌన్ సిండ్రోమ్‌కూ ముఖ్య కారణం ఇదే. 25 ఏళ్ల తల్లికి డౌన్ సిండ్రోమ్‌ బిడ్డ పుట్టే అవకాశం దాదాపు 1,250లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. 40 ఏళ్లకు ముప్పు పన్నెండు రెట్లకు పైగా పెరిగిందన్నది నిజం, నూటికి 99 మందికి ఆ సమస్య ఉండదన్నదీ అంతే నిజం. 35 దగ్గర గోడేమీ లేదు, ఏటవాలుగా దిగే పల్లం ఉంది. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగ్, రక్తపరీక్షలు అనుమానాన్ని పట్టిస్తాయి. నిర్ధారించడానికి ఉమ్మనీటి పరీక్ష లాంటివి కావాలి.

తల్లి ఒంటి సంగతికొస్తే, 35 దాటాక గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది, సిజేరియన్లూ ఎక్కువే. వైద్యం బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. గర్భిణికి షుగర్ ఉందో లేదో తేల్చే పరీక్షనే చూడండి: 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. తిని వచ్చినా పర్వాలేదు. 140 లేదా అంతకు మించి ఉంటే జాగ్రత్తలు మొదలుపెడతారు, చాలామందికి తిండిలో మార్పులతో, నడకతోనే అదుపులోకి వస్తుంది. బీపీ ముప్పు ఉన్నవారికి మూడో నెల దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, అదీ డాక్టరు చెబితేనే. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రం నెల తప్పాక కాదు, కనీసం ఒక నెల ముందు నుంచే వేసుకోవాలి. లేటుగా కనాలనుకునేవారికి డాక్టరును కలవాల్సిన సరైన సమయం కూడా అదే.

‘మా అమ్మమ్మ 42 ఏళ్లకు కూడా కన్నది’ అంటారు. నిజమే, కానీ సాధారణంగా అది ఏడో ఎనిమిదో కాన్పు. పైగా ఆ వయసులో కన్నవాళ్ల కబుర్లే ఇళ్లలో మిగులుతాయి, కడుపు నిలవనివాళ్లవి మిగలవు. ఇలాంటి లెక్కలు చెబితే ఆడపిల్లలకు తొందరగా పెళ్లి చేసేస్తారన్న అభ్యంతరం ఇంకా బలమైనది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఆ తొందర తల్లికీ బిడ్డకీ చేసే చేటు తక్కువది కాదు. అసలు ఈ లెక్కలు తొందరకు సాకే కావు. 782 మంది దంపతులను గమనించి 2004లో ప్రచురించిన యూరప్ అధ్యయనం అంచనా ప్రకారం 35–39 ఏళ్ల స్త్రీలలో నూటికి 82 మంది ఏడాదిలోపే గర్భం దాలుస్తారు. కాబట్టి చదువుకో ఉద్యోగానికో కొన్నేళ్లు ఆగినవారిని బెదరగొట్టడం అన్యాయం.

ఐవీఎఫ్ ఉందిగా అన్న ధీమా మాత్రం వద్దు. సొంత అండంతో చేసే ఐవీఎఫ్‌లో ఫలితం ఆ అండం వయసును బట్టే ఉంటుంది. అండాల్ని దాచుకున్నా అవి దాచిన నాటి వయసువే, అందుకే 40కి దాచడం కంటే 30ల మొదట్లో దాచడమే పనికొస్తుంది, అదీ బిడ్డకు హామీ కాదు. ఏఎంహెచ్ పరీక్ష మిగిలిన అండాల సంఖ్యను సూచిస్తుందే తప్ప నాణ్యతను చెప్పదు, అది తక్కువుందని ఆశ వదులుకోనక్కర్లేదు. 2021 చట్టం ఈ చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల పరిమితి పెట్టింది. తండ్రి వయసూ లెక్కలోకి వస్తుంది మరి: ఐస్‌లాండ్ పరిశోధకులు 2012లో చూపినట్లు, తండ్రికి ఒక్కో ఏడు పెరిగేకొద్దీ బిడ్డలో దాదాపు రెండు కొత్త జన్యుమార్పులు చేరతాయి. 35 దాటిన స్త్రీ ఆరు నెలలు ప్రయత్నించినా నెల తప్పకపోతే ఆలస్యం చేయకుండా, 40 దాటితే మొదట్లోనే డాక్టరును కలవాలి. ఆ మొదటిసారే భర్తకు కూడా వీర్య పరీక్ష చేయించాలి.